ఆఫీసులో తోటివాళ్ళకి వారం వారం మంచి వ్యాసాలు మెయిల్‌లో పంపుతున్నాను, నిజంగా చదివేలా ఎలా నడపాలి?

పైడిభీమవరం_బస్సు
ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో పన్నెండేళ్ళుగా చేస్తున్నాను. పొద్దున డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర కంపెనీ బస్సు ఎక్కితే గేటు దగ్గర దిగేసరికి దాదాపు గంట. ఆ గంటా ఫోన్‌లో చదువుకోవడం నా అలవాటు. మంచిది కనిపిస్తే పక్క సీటాయనకి చెప్పకుండా ఉండలేను. ఒకరోజు ఆయనే, ‘ఇవన్నీ నాకొక్కడికే ఎందుకు, అందరికీ పంపరాదా’ అన్నారు. అలా కిందటేడు దసరా వెళ్ళాక మొదలైంది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఒక మెయిల్. అందులో ఐదు వ్యాసాల లింకులు, ఒక్కోదాని కింద రెండు మూడు వాక్యాలు. మొదట్లో 14 మందికి వెళ్ళేది, ఇప్పుడు 61 మందికి వెళుతోంది.

వాట్సాప్ ఉండగా మెయిల్ ఎందుకు అంటారేమో. మాకు లోపలికి వెళ్ళేముందే ఫోన్ లాకర్లో పెట్టేయాలి. సాయంత్రం చేతికొచ్చేసరికి రెండు మూడొందల మెసేజీలు వచ్చి ఉంటాయి. పొద్దున పంపింది ఎక్కడో అడుగున పడిపోతుంది. మెయిల్ అలా కాదు, తెరిచేదాకా అక్కడే ఉంటుంది. నైట్ షిఫ్టులో హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏమేం ఉన్నాయో విడదీసి కొలిచే యంత్రం) మీద శాంపిల్స్ ఎక్కించాక కాస్త తీరిక దొరుకుతుంది. అప్పుడు తెరిచి చూసేవాళ్ళున్నారు.

నా బాధ ఏంటంటే, 61 మందిలో పదిహేను మంది చదువుతున్నారేమో. అడిగితే ‘చూశానండీ, బాగుంది’ అంటారు. ఏది బాగుందో చెప్పరు. ఆపేయాలని నాకు లేదు. ఇలాంటిది నడిపినవాళ్ళు ఎవరైనా ఉంటే ఏం చేస్తే చదువుతారో చెప్పండి.

పొందూరు_నూలు
ఆదివారం, రాత్రి 9:34

గురూగారూ, ఐదు లింకులంటే ఎక్కువైపోనాయి. మాకు కేంటీన్‌లో తినీడానికే ఇరవై నిముషాలు. ఐదు చూడగానే తరవాత చదువుదుం అని పక్కన పెట్టీస్తాం, ఆ తరవాత అన్నది మరి రాదు. ఒక్కటి పంపండి. ఒక్కటయితే చదివీస్తారు.

గంటస్తంభం
ఆదివారం, రాత్రి 10:20

బాబూ, మీరు మెయిల్‌లో చేస్తున్నది మేం కాగితం మీద చేశాం. నేను విజయనగరంలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మా బ్రాంచిలో సర్క్యులేషన్ ఫైలు అని ఒకటి తిరిగేది. పేపర్లో, పత్రికల్లో మా పనికి పనికొచ్చేది ఏది కనిపించినా మా అకౌంటెంటుగారు కత్తిరించి తెల్లకాగితానికి అంటించేవారు. దాని మీద అందరి పేర్లతో చీటీ గుచ్చేవారు. చదివినవాళ్ళు తమ పేరు పక్కన పొట్టి సంతకం పెట్టి పక్క టేబుల్‌కి తోసేవాళ్ళం.

సంతకాలదేముంది, చదవకుండా కూడా పెట్టొచ్చు. చదివించింది మాత్రం వేరే ఉంది. ఆయన దగ్గర ఒక ఎర్ర పెన్సిలు ఉండేది. కత్తిరింపు పక్కన అంచులో ఒక మాట రాసేవారు. 1989 ఏప్రిల్ 1 నుంచి చెక్కు బౌన్స్ కావడం నేరం కిందికి వచ్చింది, 138వ సెక్షన్. దాని గురించి పేపర్లో అరపేజీ వ్యాసం పడింది. లాయర్ల భాష, ఎవరికీ కొరుకుడు పడేది కాదు. ఆయన అంచులో ‘సోమవారం నుంచి కౌంటర్ దగ్గర అందరూ అడిగేది ఇదే, మూడో కాలమ్ చదవండి’ అని రాశారు. అందరం చదివాం. సోమవారం నిజంగానే అడిగారు.

మేం ముందు చూసేది ఆ ఎర్ర అక్షరాలే. మీరు లింకు కింద రాసే రెండు మూడు వాక్యాలు ఎలా ఉంటాయి? ఒకటి ఇక్కడ పెట్టండి, చూద్దాం.

పైడిభీమవరం_బస్సు
సోమవారం, ఉదయం 6:25

మాస్టారూ, ఎర్ర పెన్సిల్ మాట మనసుకి పట్టుకుంది. బస్సులోంచే రాస్తున్నాను.

మొదట్లో నేను రాసింది ఇలా ఉండేది: ‘మందుల్లో మలినాల గురించి చాలా మంచి వ్యాసం. అందరూ తప్పక చదవాలి.’ ఇప్పుడు చూసుకుంటే ఇందులో ఏమీ లేదు.

బాగా చదివారని నాకు తెలిసింది ఒక్కటే. దానికి రాసింది ఇది:

‘రక్తపోటుకి వాడే వల్సార్టాన్ మాత్రల్ని 2018 జూలైలో యూరప్‌లోనూ అమెరికాలోనూ వెనక్కి పిలిచారు. కారణం ముడిమందు తయారీలో మార్చిన పద్ధతి. కొత్త పద్ధతిలో ద్రావకంగా డైమిథైల్ ఫార్మమైడ్ వాడారు, మిగిలిన అజైడ్‌ని పోగొట్టడానికి సోడియం నైట్రైట్ వేశారు. ఆ రెండింటి వల్ల ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్ పుట్టింది. మనుషులకి క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్న పదార్థం అది. ఏళ్ళ తరబడి బ్యాచిలన్నీ పరీక్షలో పాసయ్యాయి, ఎందుకంటే ఆ పరీక్షలు దానికోసం పెట్టినవి కావు. ఇంగ్లిష్‌లో ఉంది, పన్నెండు నిముషాలు పడుతుంది. తీరిక లేకపోతే నాలుగో పేరా ఒక్కటి చదివి, మన దగ్గర నైట్రైట్ ఎక్కడెక్కడ వాడుతున్నామో ఒకసారి తలచుకోండి.’

ఆ రాత్రి 3:10కి నైట్ షిఫ్టులో ఉన్న ఒక కుర్రాడి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. ‘సార్, మనం తిరిగి వాడే సాల్వెంటులో కూడా ఇది మిగిలి ఉండొచ్చా?’ అని. ఆ ఒక్క ప్రశ్న మీద మేం ఐదారుగురం వారం రోజులు మాట్లాడుకున్నాం. అలాంటి శుక్రవారం కోసమే నేను ఇది పంపుతున్నాను.

కళింగపట్నం_లైట్‌హౌస్
సోమవారం, మధ్యాహ్నం 1:05

మీ నోట్ చాలా బాగుందన్నా. అది చదివాక లింకు తెరవకపోయినా ఒక విషయం తెలిసింది కదా. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, మా టీమ్‌కి రెండేళ్ళు ఇలాంటిదే నడిపాను. మెయిల్ పనికి సంబంధించి నాలుగు మాటలు చెప్తాను.

61 మంది అడ్రస్‌లూ ‘టు’లో పెట్టకండి. ఎవరో ఒకరు ‘థాంక్యూ’ అని రిప్లై ఆల్ కొడితే అది 61 మందికీ పోతుంది. రెండుసార్లు అలా జరిగితే జనం మీ మెయిల్ అంటేనే విసుక్కుంటారు. అందర్నీ బీసీసీలో (అక్కడ పెట్టిన అడ్రస్‌లు మిగతావాళ్ళకి కనపడవు) పెట్టి, ‘టు’లో మీ అడ్రస్ పెట్టుకోండి. జవాబులు మీకొక్కరికే వస్తాయి. మనుషులు కూడా ఒక్కరికే అయితే మనసులో మాట రాస్తారు. మీ నైట్ షిఫ్టు కుర్రాడు 61 మంది ముందు ఆ ప్రశ్న అడిగేవాడు కాదు.

వ్యాసం మొత్తం కాపీ చేసి మెయిల్‌లో అతికించకండి. రాసినవాళ్ళ హక్కు సంగతి ఒకటి. ఇంకోటి, అక్షరాల్ని కంప్యూటర్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షర సంకేతం ఒక్కోదానికి 3 బైట్లు పడుతుంది, ఇంగ్లిష్ అక్షరానికి ఒక్కటే. జీమెయిల్‌లో మెయిల్ 102 కిలోబైట్లు దాటిందంటే మిగతాది కత్తిరించి కింద చిన్న లింకు చూపిస్తుంది. రెండు పెద్ద తెలుగు వ్యాసాలు రంగులతో, పెట్టెలతో సహా అతికిస్తే ఆ హద్దు తేలిగ్గా దాటేస్తారు. అడుగున ఉన్నది ఎవరికీ కనపడదు, కనపడలేదని మీకూ తెలియదు. మామూలు అక్షరాల్లో పంపితే ఆ గొడవ ఉండదు.

పాత తెలుగు పత్రికల పీడీఎఫ్‌ల నుంచి కాపీ చేయబోతే గజిబిజి గుర్తులు వస్తాయి. అవి అన్ని కంప్యూటర్లకీ ఒకే అక్షర సంకేతాలిచ్చే యూనికోడ్ రాకముందు ఎవరి ఫాంటు వాళ్ళు చేసుకున్న రోజులవి. అలాంటప్పుడు మీకు కావలసిన రెండు వాక్యాలూ చేత్తో టైప్ చేసుకోవడమే మంచిది. ల్యాబ్ కంప్యూటర్లలో తెలుగు కనపడుతుందా అని బెంగ వద్దు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది, విండోస్ 8 నుంచి నిర్మల వస్తోంది.

ఒకటి అడగాలి. మీ కంపెనీ నెట్‌లో బయటి సైట్లు తెరుచుకుంటాయా?

పైడిభీమవరం_బస్సు
సోమవారం, రాత్రి 8:50

సగం తెరుచుకోవు తమ్ముడూ. నాకు ఇంట్లో తెరుచుకుంటాయి కాబట్టి ఈ సంగతి ఆలోచించనే లేదు. ఇవాళ ల్యాబ్ కంప్యూటర్లో కూర్చుని కిందటి నాలుగు మెయిళ్ళలో లింకులు ఒక్కొక్కటే నొక్కి చూశాను. ఇరవైలో తొమ్మిదికి ‘అనుమతి లేదు’ అని ఎర్ర పేజీ వచ్చింది. చదవడం లేదని వాళ్ళని అనుకున్నాను. పాపం చదవబోయి వెనక్కి వచ్చినవాళ్ళు ఎంతమందో.

కళింగపట్నం_లైట్‌హౌస్
సోమవారం, రాత్రి 9:15

అదే అనుకున్నాను. లింకుతో పాటు వ్యాసం పేరు, పత్రిక పేరు, తేదీ కూడా రాయండి. ఇంటికెళ్ళి ఫోన్‌లో వెతుక్కుంటారు. పంపేముందు ఆఫీసు కంప్యూటర్లోనే ఒకసారి నొక్కి చూడండి.

మూడులాంతర్లు
మంగళవారం, ఉదయం 11:40

నేను విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెచ్ఆర్ చూస్తాను. అన్నగారూ, మీరు మీ పై అధికారికి చెప్పి చేస్తున్నారా? మీ మీద అనుమానంతో అడగడం లేదు. ఆఫీసు మెయిల్‌లో బయటి లింకులు గుంపుగా వెళితే ఐటీవాళ్ళకి అది మోసపు మెయిల్‌లా కనిపిస్తుంది. ఒక్క పేజీ కాగితం రాసి ఇవ్వండి. వారానికి ఒకసారి, ఎవరికి వెళుతుంది, ఏం ఉంటుంది, కంపెనీ లోపలి సమాచారం ఏదీ ఉండదు, అంతే. వద్దన్నవాళ్ళ పేరు తీసేస్తానని మెయిల్ అడుగున ప్రతిసారీ ఒక వాక్యం ఉండాలి. అడిగినవాళ్ళ పేరు ఆ రోజే తీసేయాలి, ఎందుకని అడక్కూడదు. కొంతమంది మొహమాటానికి ఉంటారు.

పార్టీలు, కులం, మతం జోలికి వెళ్ళొద్దు. మా దగ్గర ఒక డాక్టరుగారు ఎన్నికల ముందు ఒక వ్యాసం పంపారు. వ్యాసం మంచిదే, కానీ ఆ వారం నుంచి ఆయన ఏం పంపినా కొందరు తెరవకుండానే పక్కన పెట్టేశారు. ఆయన ఎంత చక్కగా ఏరి పంపేవారో నాకు తెలుసు కాబట్టి ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇప్పటిదాకా మీ మెయిల్ వల్ల ఎప్పుడైనా ఇబ్బంది వచ్చిందా?

పైడిభీమవరం_బస్సు
మంగళవారం, రాత్రి 10:05

వచ్చింది మేడమ్‌గారూ. చెప్పాలా వద్దా అనుకుంటూ ఉన్నాను.

ఈ సంక్రాంతి ముందు ఒక వ్యాసం పంపాను. ‘ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం తేలింది’ అని పేరు. బస్సులో చదవడం మొదలుపెట్టాను, సగంలో ఉండగా నెట్‌వర్క్ పోయింది. మన జిల్లా సంగతి కదా, అందరికీ కావాలి అన్న ఆత్రంతో మిగతాది చదవకుండానే మధ్యాహ్నం పంపేశాను. కింద ‘ఎట్టకేలకు జవాబు దొరికింది’ అని కూడా రాశాను.

మా ప్యాకింగ్ సెక్షన్‌లో కవిటి వైపు నుంచి వచ్చిన ఒకతను ఉన్నాడు. వాళ్ళ నాన్నగారికి డయాలసిస్ నడుస్తోంది. ఆ సంగతి నాకు తెలుసు. అతను ఆ వ్యాసం ప్రింటు తీయించి, ఆదివారం ఊరికి పట్టుకెళ్ళి, మర్నాడు తండ్రితో పాటు డాక్టరుగారి దగ్గర పెట్టాడు. ఆయన చదివి, ఇది కొన్ని ఊళ్ళ నీళ్ళు పరీక్షించి చెప్పిన ఒక అనుమానమే, కారణం తేలిందని ఇందులోనే ఎక్కడా లేదు, ఆఖరి పేరా చూడు అన్నారట. చూస్తే నిజమే. పైనున్న పేరొకటి, లోపలున్నది ఇంకొకటి.

మంగళవారం బస్సులో నా పక్కన కూర్చున్నాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులోంచి తీసి నా చేతికి ఇచ్చాడు. కోప్పడలేదు. ‘అన్నా, నువ్వు పంపినావు కాబట్టి నిజమే అనుకున్నాను. అయ్యకి కూడా చెప్పీసాను’ అన్నాడు. రణస్థలం దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఆ శుక్రవారం మెయిల్‌లో వేరే ఏ లింకూ పెట్టలేదు. తప్పు పంపాననీ, ఆఖరిదాకా చదవలేదనీ, ఆ వ్యాసం నిజంగా చెప్పింది ఏమిటో రాసి పంపాను. ఆ కాగితం ఇప్పటికీ నా డ్రాయర్లో ఉంది.

వంశధార
మంగళవారం, రాత్రి 10:48

అన్నయ్యగారూ, నేను టెక్కలి వైపు హైస్కూల్లో బయాలజీ చెప్తాను. మా పిల్లల ఇళ్ళలో ఆ జబ్బు ఉంది కాబట్టి ఇది చదువుతుంటే గుండె బరువెక్కింది. మీరు తప్పు ఒప్పుకుని రాయడం చాలా మంచి పని.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఇన్ని మండలాల్లో షుగరూ బీపీ లేనివాళ్ళకి కూడా, పొలం పని చేసుకునేవాళ్ళకి, కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్ళలో సిలికా అన్నారు, ఎండలో ఒళ్ళు ఎండిపోవడం అన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఇదీ అని ఒక్క కారణం మీద పరిశోధకులు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. శ్రీలంకలో వరి పండించే ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో ఇలాంటిదే ఉంది, అక్కడా ఇదే తకరారు. ‘తేలింది’ అని పేరున్న వ్యాసం ఏది కనిపించినా నేను ముందు ఆఖరి పేరాకి వెళతాను. అక్కడే పరిశోధకులు తమ హద్దులు చెప్పుకుంటారు. ఎంతమందిని చూశారు, ఎన్నేళ్ళు చూశారు, ఇంకా ఏం తెలియదు, ఇవన్నీ అక్కడ దొరుకుతాయి. మీ నోట్‌లో ‘ఈ వ్యాసం చెప్పనిది’ అని ఒక్క వాక్యం చేర్చండి. అది రాయాలంటే మీరు మొత్తం చదివి తీరాలి.

ఇంకో మాట. మీ నోట్ మీరు మాట్లాడినట్టే రాస్తున్నారు, అలాగే ఉండనివ్వండి. ఇంగ్లిష్ వ్యాసాల్ని తెలుగులో చెప్పేటప్పుడు మనలో చాలామంది గ్రాంథికంలోకి జారిపోతారు. గిడుగు రామమూర్తి పంతులుగారు మన శ్రీముఖలింగం పక్క పర్వతాలపేటలో పుట్టిన మనిషి. చదివేవాడికి అర్థమయ్యే భాషలో రాయాలని జీవితమంతా పోరాడారు. మనం ఆ పక్క ఊళ్ళవాళ్ళమై ఉండి ‘తత్ఫలితంగా’ అని రాస్తే ఏం బాగుంటుంది.

నెలకొకసారి ఒక తెలుగు కథ కూడా పెట్టకూడదూ? కథారచయిత కారా మాస్టారు (కాళీపట్నం రామారావుగారు) 1997లో మన శ్రీకాకుళంలోనే తెలుగు కథల కోసం కథానిలయం అనే లైబ్రరీ పెట్టారు. వాళ్ళ వెబ్‌సైటులో పాత పత్రికల కథలు స్కాన్ చేసి ఉంచారు. ల్యాబ్ పనితో సంబంధం లేకపోయినా నైట్ షిఫ్టులో ఒక్క కథ చదివితే మనిషికి ఊపిరి తీసుకున్నట్టుంటుంది. నేను ఏరి పంపుతాను.

పొందూరు_నూలు
బుధవారం, ఉదయం 7:15

గురూగారూ, ఆ కవిటి అబ్బాయి మాట చదివాక నాకు ఒకటి తోచింది. మీ కంపెనీలో మెయిల్ ఐడీ లేనోళ్ళు ఎంతమందున్నారు? మా కాడ ల్యాబోళ్ళకీ ఆఫీసోళ్ళకీ తప్ప ఇంకెవరికీ నేదు. ఆపరేటర్లు, హెల్పర్లు, డ్రైవర్లు, ఈళ్ళంతా చదవగలరు. ఆళ్ళకేటి దారి? ఆ అబ్బాయి కూడా ఎవరో ప్రింటు తీసి ఇత్తేనే గదా చదివినాడు.

ఐదు వద్దన్న మాట మీద మాత్రం ఉన్నాను.

పైడిభీమవరం_బస్సు
బుధవారం, రాత్రి 9:30

నిజమే. అతనికి మెయిల్ లేదు. పక్క సెక్షన్‌లో స్నేహితుడు తీసి ఇచ్చాడు. 61 మంది 61 మంది అని లెక్కపెట్టుకుంటున్నాను గానీ, మా గేటు లోపలికి రోజూ వచ్చేవాళ్ళలో అది ఎన్నో వంతు.

మూడులాంతర్లు మేడమ్‌గారు చెప్పినట్టు రేపు మా మేనేజరుగారికి కాగితం ఇస్తాను. కేంటీన్ బోర్డు మీద ఒక ప్రింటు పెట్టడానికి కూడా అందులోనే అడుగుతాను. ప్రొడక్షన్ ఏరియాలోకి కాగితం రానివ్వరు, కేంటీన్‌లో అభ్యంతరం ఉండకూడదు.

గంటస్తంభం
బుధవారం, రాత్రి 10:00

అక్షరాలు పెద్దవిగా పెట్టించండి బాబూ. చేతులు కడుక్కునే చోటికి దగ్గరగా పెట్టండి. అక్కడ వరస ఉంటుంది, నిలబడి చదువుతారు.

పైడిభీమవరం_బస్సు
మూడు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 5:20

ఆలస్యంగా వచ్చాను, మన్నించాలి. అనుమతి రావడానికే పది రోజులు పట్టింది. ఐటీవాళ్ళు రెండు ప్రశ్నలు అడిగారు, జవాబు చెప్పాక ఒప్పుకున్నారు. బీసీసీలో పంపుతున్నాను. అడుగున ‘పేరు తీసేయమంటే తీసేస్తాను’ అన్న వాక్యం పెట్టాను. నలుగురు తీయించుకున్నారు. కొత్తగా తొమ్మిది మంది చేరారు.

లింకులు మూడే పెడుతున్నాను. పొందూరు తమ్ముడు ఒక్కటన్నాడు, నాకు మనసొప్పలేదు. ఒకటి మా పనికి సంబంధించింది, ఒకటి ఆరోగ్యమో సైన్సో, ఒకటి ఊరికే బాగున్నది. ప్రతిదాని కిందా ‘ఇది చెప్పనిది’ అని ఒక వాక్యం. ఆ వాక్యం రాయలేక రెండు వ్యాసాలు పక్కన పెట్టేశాను. మొత్తం చదివాక వాటిలో పంపదగ్గది ఏమీ లేదని తెలిసింది.

కేంటీన్ కాగితం బేసిన్ల పక్కనే పెట్టాం. నిన్న మధ్యాహ్నం చెయ్యి కడుక్కోవడానికి వెళితే బాయిలర్ దగ్గర పనిచేసే పెద్దాయన తడి చేతులు వెనక్కి పెట్టుకుని చదువుతున్నారు. ఎండలో పనిచేసేవాళ్ళు గంటకి ఎంత నీళ్ళు తాగాలి అన్న వ్యాసం మీద నోట్ అది. నన్ను చూసి, ‘ఇందల నొప్పి మాత్రల మాట రాసినారు, మా ఇంటిదానికి రోజూ ఏసీసుకునే అలవాటుంది, ఈ కాయితం ఇంకోటి దొరుకుద్దా’ అని అడిగారు. ప్రింటు తీసి ఇచ్చాను. డాక్టరుగారికి చూపించకుండా ఏదీ మానొద్దని, మొదలుపెట్టొద్దని దాని మీద పెన్నుతో రాసి మరీ ఇచ్చాను.

కవిటి తమ్ముడు ఇప్పుడు పంపేముందు చదివి పెడుతున్నాడు. గురువారం సాయంత్రం బస్సులో నా నోట్ వినిపిస్తాను. అర్థం కాని చోట ఆపుతాడు, అక్కడ మారుస్తాను. ఈ వారం రెండు చోట్ల ఆపాడు.

వంశధార చెల్లెమ్మా, కథ కోసం చూస్తున్నాను. పది నిముషాల్లో అయిపోయేది ఒకటి బుధవారం లోపు పంపగలరా? గురువారం బస్సులో చదివి వినిపించాలి.

వంశధార
శనివారం, సాయంత్రం 6:02

రెండు తీసి ఉంచాను అన్నయ్యగారూ. ఒకటి నాగావళి వరద మీద, ఒకటి రైలు ప్రయాణం మీద. రెండూ పంపుతున్నాను, మీ తమ్ముడికి ఏది నచ్చితే అది పెట్టండి. మొదటిదాని స్కాన్‌లో మూడో పేజీ మసకగా ఉంది. ఆ పేజీ నేను టైప్ చేసి కింద పెట్టాను.